ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఆరేళ్ల లెక్క: ఇప్పుడు ఆగిపోయింది, బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

లెక్కల టీచర్, నల్లగొండ
6 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆవిడ ఇంటి దగ్గర ఆరు నుంచి పదో తరగతి దాకా ట్యూషన్లు చెబుతుంది. ఇంట్లో ప్రింటర్ లేకపోతే మాకు వారం గడవదు. స్లిప్ టెస్టులు, వర్క్‌షీట్లు, గ్రాఫ్ పేపర్లు, పిల్లల హాల్ టికెట్లు, పక్కింటివాళ్ల పహాణీలు, ఆధార్ కాపీలు అన్నీ దాని మీదే.

మొదటి ప్రింటర్ 2016లో కొన్నాం. ధర 2,900 రూపాయలు, కార్ట్రిడ్జ్ రకం. నల్ల కార్ట్రిడ్జ్ మీద 120 పేజీలని రాసి ఉండేది, మాకు వంద దాటడం కష్టంగా ఉండేది. మూడేళ్లలో 1,700 పేజీలు తీశాం. 17 కార్ట్రిడ్జ్‌లు మార్చాం. ఇంకుకే 11,020 రూపాయలు అయ్యాయి. అంటే పేజీకి దాదాపు ఆరున్నర. క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో అప్పుడు పేజీ రెండు రూపాయలే. ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2019 జూన్‌లో బడులు తెరిచే వారం ట్యాంక్ ప్రింటర్ (సీసాతో ఇంకు పోసుకునే రకం) కొన్నాం, 10,800కి. అదే రోజు ఒక నోటు పుస్తకం పెట్టాను. సీసా కొన్నా, కాగితం కట్ట కొన్నా అందులో రాయకుండా వదల్లేదు. ఇవాళ్టికి ప్రింటర్ లోపలి కౌంటర్ 21,400 పేజీలు చూపిస్తోంది. పెట్టెతో వచ్చిన సీసాలు కాక నల్ల సీసాలు 6, మూడు రంగులవి రెండేసి చొప్పున 6 కొన్నాం. వీటన్నిటికీ 4,320 రూపాయలు. కాగితానికి 8,160. రెండుసార్లు రిపేరుకి 1,850. ప్రింటర్ ధర కూడా కలిపితే మొత్తం 25,130. పేజీకి 1 రూపాయి 17 పైసలు పడింది. ఒక్క ఇంకు వరకే చూస్తే 20 పైసలు. రంగు పేజీలు మాకు చాలా తక్కువ, ఆరేళ్లలో 900 కూడా ఉండవు.

ఇప్పుడు అసలు సమస్య. గత శనివారం పరీక్ష పేపర్లు తీస్తుంటే 30 కాపీల తర్వాత రెండు లైట్లూ మార్చి మార్చి వెలగడం మొదలైంది. కంప్యూటర్ తెర మీద ఇంక్ ప్యాడ్ కాలం తీరిపోయిందని వచ్చింది. ఇక్కడి షాపులో చూపిస్తే, "హెడ్ (కాగితం మీద ఇంకు చల్లే భాగం) కూడా పోయింది, 4,500 అవుతుంది, పాతదానికి పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆరేళ్లు పనిచేసిన వస్తువు. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు మెకానిక్, మహబూబ్‌నగర్
6 సెప్టెంబర్ 2025, రాత్రి 10:25

సార్, జర ఆగండి. కొత్తది కొనకండి.

మొదట ఒక మాట అడుగుతాను. ఆ మెసేజ్ వచ్చాక ప్రింటర్ ఒక్క కాగితం కూడా ప్రింట్ చేయదు. నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపించే గీతల పేజీ) కూడా రాదు. మరి హెడ్ పోయిందని వాళ్లకి ఎట్ల తెలిసింది? ఆగిపోక ముందు తీసిన ఆ 30 పేపర్లు ఎలా ఉన్నాయి? అక్షరాల మధ్య తెల్ల గీతలు ఉన్నాయా?

ప్యాడ్ అంటే ఏంటో చెబుతాను. హెడ్ క్లీనింగ్ చేసినప్పుడు ప్రింటర్ కొంత ఇంకు బలంగా బయటికి లాగుతుంది. ఆ ఇంకు వెళ్లేది అడుగున ఉన్న దూది లాంటి మెత్త లోపలికి. దాన్నే వేస్ట్ ఇంక్ ప్యాడ్ అంటాం. ఎంత ఇంకు అందులోకి పంపిందో ప్రింటర్ తనే లెక్కపెట్టుకుంటుంది. లెక్క నిండగానే ఆగిపోతుంది, లేకపోతే ఇంకు పొంగి బల్ల మీదికి కారుతుంది. మెత్త మార్చి కౌంటర్ తిరిగి సున్నా చేస్తే చాలు. హెడ్‌కి దీనితో సంబంధం లేదు. కొన్ని కొత్త మోడళ్లలో ఈ మెత్త విడి పెట్టెగా వస్తుంది, ఇంట్లోనే స్క్రూ విప్పి మార్చుకోవచ్చు. మీది 2019ది కాబట్టి లోపల బిగించి ఉంటుంది.

ఇంకో సంగతి. మీ లెక్కలో నాకు ఒకటి కుదరడం లేదు. రేపు రాస్తాను.

లెక్కల టీచర్, నల్లగొండ
6 సెప్టెంబర్ 2025, రాత్రి 10:50

ఆ 30 పేపర్లు ముందు పెట్టుకుని చూశాను. ఒక్క గీత లేదు. ఒత్తులు, పొల్లులు కూడా స్పష్టంగా ఉన్నాయి. మీరు అడిగేదాకా నాకీ ఆలోచన రాలేదు. లెక్కలో ఏం కుదరలేదో తప్పకుండా చెప్పండి.

దేవరకొండ నెట్ సెంటర్
7 సెప్టెంబర్ 2025, ఉదయం 7:15

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. టీచర్ గారికి 95 శాతం నలుపే కాబట్టి లేజర్ తీసుకోవచ్చు. నా షాపులో రెండూ ఉన్నాయి. లేజర్‌లో ఉండేది పొడి. నెల రోజులు ముట్టకపోయినా ఎండిపోయేది ఏమీ లేదు. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గది 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ఇంక్‌జెట్‌ని చంటిపిల్లలా చూసుకోవాలి.

అయితే ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పాలి. కరెంటు పోతే నా లేజర్ ఇన్వర్టర్ మీద నడవదు. లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది. ఇంక్‌జెట్ మాత్రం పది, పదిహేను వాట్లతో హాయిగా నడుస్తుంది. ఫీజు కట్టే ఆఖరి రోజు కరెంటు లేని పూట నన్ను ఆదుకున్నది ఆ చిన్న ఇంక్‌జెట్టే.

గ్రూప్స్ అభ్యర్థి, వనపర్తి
7 సెప్టెంబర్ 2025, ఉదయం 8:02

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు సార్. నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను. మెటీరియల్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు కలిపి నెలకి ఓ 40 పేజీలు తీయించుకుంటాను. ఒక ఆన్‌లైన్ సేల్‌లో 3,500కి ప్రింటర్ కనిపించింది. స్కానర్ కూడా ఉంది. తీసుకోవచ్చా?

లెక్కల టీచర్, నల్లగొండ
7 సెప్టెంబర్ 2025, ఉదయం 11:30

తమ్ముడూ, తీసుకోకు. ఎందుకో అంకెలతోనే చెబుతాను.

3,500 ప్రింటర్ అంటే చిన్న కార్ట్రిడ్జ్‌ల రకమే అయి ఉంటుంది. దానితో నా అనుభవం పైన రాశాను. పోనీ నాలాగా ట్యాంక్ ప్రింటర్ కొందామన్నా నీకు లాభం లేదు. నాకు ఇంకు, కాగితం కలిపి పేజీకి 58 పైసలు పడుతోంది. షాపులో రెండు రూపాయలు అనుకుంటే పేజీకి 1 రూపాయి 42 పైసలు మిగులు. 10,800 పెట్టుబడి తిరిగి రావాలంటే సుమారు 7,600 పేజీలు తీయాలి. నెలకి 40 అంటే ఏడాదికి 480. దాదాపు పదహారేళ్లు పడుతుంది. మా ఇంట్లో నెలకి 280 పేజీలకు పైనే వెళుతుంది కాబట్టి మాకు రెండేళ్ల మూడు నెలల్లో వచ్చేసింది.

ఇంకో మాట. నెలకి రెండుసార్లు వాడే ప్రింటర్‌లో ఇంకు పేజీల మీదికి పోయేదానికన్నా శుభ్రం చేయడానికి పోయేదే ఎక్కువగా ఉంటుంది. డబ్బా మీద రాసే పేజీల సంఖ్యను ఐఎస్‌ఓ 24711 అనే పద్ధతిలో, ఆపకుండా వరుసగా ప్రింట్ చేసి లెక్కిస్తారు. మనం ఇంట్లో ఇవాళ రెండు, వచ్చే వారం నాలుగు తీస్తాం. ఆ సంఖ్య మనకు రాకపోవడానికి కారణం అదే.

ఆ 3,500తో పుస్తకాలు కొనుక్కో. పేజీలు పోగుచేసి నెలకొకసారి షాపులో రెండు వైపులా తీయించుకో. పెద్ద మొత్తమైతే వాళ్లూ ధర తగ్గిస్తారు.

గ్రూప్స్ అభ్యర్థి, వనపర్తి
7 సెప్టెంబర్ 2025, ఉదయం 11:48

అర్థమైంది సార్. కార్ట్‌లోంచి తీసేశాను. థ్యాంక్స్.

పాలమూరు మెకానిక్, మహబూబ్‌నగర్
7 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 2:10

సార్, నిన్న చెప్తానన్న సంగతి. మీరు తీసిన రంగు పేజీలు 900 లోపే. రంగు సీసాలు మాత్రం ఆరు అయిపోయాయి. మీ రకం ప్రింటర్‌కి మూడు రంగుల సీసాలు ఒక్కో సెట్టు కలిసి 7,500 పేజీలని కంపెనీ లెక్క. సగమే వచ్చిందనుకున్నా, పెట్టెతో వచ్చిన ఒక్క సెట్టే మీకు ఆరేళ్లూ సరిపోవాలి. మరి మిగతా ఇంకు ఎటు పోయింది?

మొదటిసారి నింపినప్పుడు పైపులు, హెడ్ నిండడానికి కొంత పడుతుంది, అది అందరికీ పోయేదే. నలుపు మాత్రమే అని సెట్ చేయకపోతే నల్ల అక్షరాల్లో కూడా రంగులు కొంచెం కలుస్తాయి. అయినా ఇంత పోదు. మీరు హెడ్ క్లీనింగ్ ఎన్ని రోజులకి ఒకసారి చేస్తారు?

లెక్కల టీచర్, నల్లగొండ
7 సెప్టెంబర్ 2025, సాయంత్రం 6:35

ప్రతి సోమవారం ఉదయం. కొన్నప్పుడు ఎవరో చెప్పారు, వారానికొకసారి క్లీనింగ్ చేస్తే హెడ్ ఎండదని. ఆరేళ్లుగా తప్పకుండా చేస్తున్నాను. సెలవుల్లో ఊరెళ్లినా పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి చేయించాను.

పాలమూరు మెకానిక్, మహబూబ్‌నగర్
7 సెప్టెంబర్ 2025, రాత్రి 9:05

అదే సార్. ఆరేళ్లంటే మూడు వందల సార్లు దాటింది. మీ రంగు సీసాలు తాగింది ఆ మెత్త. ప్యాడ్ నింపింది కూడా అదే. పేజీలు తీసినందుకు నిండలేదు.

మీరు మంచికే చేశారు, వారానికోసారి ఇంకు కదలాలన్నది నిజమే. కానీ దానికి క్లీనింగ్ అక్కర్లేదు. నాలుగు రంగులూ ఉన్న ఒక చిన్న బొమ్మ వారానికొకసారి ప్రింట్ చేయండి, లేదా నాజిల్ చెక్ ఒకటి తీయండి. నాజిల్ చెక్‌కి పట్టే ఇంకు చాలా కొంచెం. అందులో గీతలు తెగి కనిపిస్తేనే ఒకసారి క్లీనింగ్. మళ్లీ నాజిల్ చెక్. ఇంకా తెగి ఉంటే ఇంకోసారి. అప్పటికీ రాకపోతే ప్రింటర్ ఆఫ్ చేసి ఒక రాత్రి వదిలేయండి, ఎండిన ఇంకు తడిసి నానుతుంది. పొద్దున చూస్తే చాలాసార్లు తనంతట తనే సర్దుకుంటుంది. వరసపెట్టి పదిసార్లు క్లీనింగ్ నొక్కేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంకొకటి. ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ కుడి మూలకి వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. గోడ మీద స్విచ్ కట్టేస్తే ఒక్కోసారి హెడ్ నడిమధ్య ఆగిపోతుంది, మన ఎండలకి రెండు రోజుల్లో ఇంకు గట్టిపడుతుంది.

ఈ ట్యాంకులు రాకముందు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీ నుంచి పైపుల సెట్లు తెచ్చి కార్ట్రిడ్జ్ ప్రింటర్లకి మేమే బయట సీసాలు బిగించేవాళ్లం. గాలి బుడగ పడిందంటే రోజంతా దాంతోనే సరిపోయేది. 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో మొదట ఫ్యాక్టరీ ట్యాంకు పెట్టి అమ్మింది. తర్వాత కానన్, హెచ్‌పీ, బ్రదర్ కూడా ఆ దారికే వచ్చాయి. మేం చేతితో చేసిన పనే అది. అందుకే నాకు ట్యాంక్ ప్రింటర్ అంటే ప్రాణం.

చిట్టి అడుగులు, మిర్యాలగూడ
8 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 1:20

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లలకి పండ్లు, కూరగాయలు, జంతువుల బొమ్మలు నా సొంత ప్రింటర్‌లోనే తీసుకుంటాను. నాలుగేళ్లయింది. నాకు రంగులే ఎక్కువ, అందుకేనేమో హెడ్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

మా తిప్పలు వేరు. చుట్టూ రైస్ మిల్లులు. ఊక దుమ్ము సన్నగా ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. రెండో ఏడాది కాగితం లాగడం మానేసింది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, కాగితం మాత్రం కదలదు. షాపులో రోలర్ మార్చాలని 900 అడిగారు. మా తమ్ముడు వెనక మూత తీసి, మెత్తటి నూలు గుడ్డని తడిపి బాగా పిండి రబ్బరు రోలర్‌ని తిప్పుతూ తుడిచాడు. గుడ్డకి గోధుమ రంగు పొడి వచ్చింది. ఆరాక పెడితే కొత్తదానిలా లాగింది. ఇప్పుడు నెలకోసారి తుడుస్తాను. పని అయిపోగానే పాత నూలు చీర ముక్క కప్పుతాను. కాగితం కూడా ట్రేలో వదలను, తీసి కవర్‌లో పెడతాను. వానాకాలం ట్రేలో వదిలేస్తే చెమ్మ పట్టి రెండు మూడు కలిసి వెళ్తున్నాయి.

చీమల విషయం కూడా చెప్పాలి. ఒకసారి స్కానర్ అద్దం కింద ఎర్ర చీమలు గుడ్లు పెట్టాయి. పక్కనే పిల్లల బిస్కెట్లు పెట్టడం నా పొరపాటు. అప్పటి నుంచి బల్ల కాళ్ల చుట్టూ చీమల మందు గీస్తున్నాను. ప్రింటర్ మీద మాత్రం మందు కొట్టకండి.

మర్రిగూడ రైతుబిడ్డ
8 సెప్టెంబర్ 2025, రాత్రి 8:44

నేను పోగొట్టుకున్న హెడ్ గురించి చెబుతాను, ఇంకొకరు అలా చేయకూడదని.

మే నెలలో పెళ్లికని ఊరెళ్లి 40 రోజులు ఇంటికి తాళం వేశాం. వచ్చి చూస్తే నలుపు సగమే పడుతోంది. తెలుగు రాతలో పై సగం బాగానే ఉంది, కింద ఒత్తులు లేవు. "రైతు పట్టా" అని తీస్తే "పటా" అని వస్తోంది. ఒక వీడియోలో హెడ్ కింద నీళ్లు పోస్తే ఇంకు కరుగుతుందని చూశాను. బోరు నీళ్లు సిరంజితో పట్టించాను. మొదట ఇంకు కారింది, సంతోషించాను. తెల్లారి చూస్తే అసలు రంగే లేదు.

మా నీళ్ల సంగతి అందరికీ తెలుసు. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి దేశమంతా విన్నది. మా ఇంట్లో బోరు నీళ్లు మరిగించిన గిన్నెకి తెల్లగా పొర కడుతుంది. ఆ ఉప్పు, సున్నం వెంట్రుకకన్నా సన్నని రంధ్రాల్లో ఎండితే ఇంకేం మిగులుతుంది?

పాలమూరు మెకానిక్, మహబూబ్‌నగర్
8 సెప్టెంబర్ 2025, రాత్రి 9:30

మర్రిగూడ అన్నా, ఈ మాట రాసినందుకు మంచిదైంది. చాలామంది ఇదే చేస్తున్నారు. హెడ్‌కి తగలాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు అవే, ఏ బ్యాటరీ షాపులోనైనా లీటరు డబ్బా దొరుకుతుంది. కానీ డబ్బా మీద చదివి తీసుకోండి. అదే షాపులో ఆసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి, చూడటానికి రెండూ నీళ్లలాగే ఉంటాయి. సిరంజితో ఒత్తిడి పెట్టకండి. టిష్యూ కాగితాన్ని ఆ నీళ్లతో తడిపి, మడిచి, హెడ్ ఆగే చోట కింద పరిచి ఓ గంట ఉంచితే చాలు.

రకాన్ని బట్టి కూడా ఉంటుంది. ఎప్సన్, బ్రదర్‌లలో కరెంటు తగిలితే వంగే స్ఫటికం ఇంకు చుక్కని తోస్తుంది, ఆ హెడ్ ప్రింటర్‌లో శాశ్వతంగా ఉంటుంది. హెచ్‌పీ, కానన్‌లలో సన్నని తీగ లాంటిది వేడెక్కి ఇంకులో బుడగ పుట్టించి చుక్కని తోస్తుంది. చిన్న కార్ట్రిడ్జ్ మోడళ్లలో ఆ హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా కొత్తది వచ్చినట్టే. ఏడాదికి యాభై పేజీలు తీసేవాళ్లకి ఇల్లు కదలకుండా పని కావాలంటే, పేజీ ఖరీదైనా అదే నయమని నేను చెబుతుంటాను.

దేవరకొండ నెట్ సెంటర్
9 సెప్టెంబర్ 2025, ఉదయం 6:50

ఈ చివరి మాటకి నేను ఒప్పుకోను. ఏడాదికి యాభై పేజీలు తీసేవాళ్లకి అసలు ప్రింటరే అక్కర్లేదు. ఆ కార్ట్రిడ్జ్ వాడినా వాడకపోయినా ఎండుతుంది. యాభై పేజీలకి 600 పెట్టడం కన్నా మాలాంటి వాళ్ల దగ్గరికి రండి.

కొల్లాపూర్ మామిడి
9 సెప్టెంబర్ 2025, సాయంత్రం 5:12

మాకు మామిడి తోట ఉంది. సీజన్‌లో పెట్టెలు నేరుగా హైదరాబాద్‌కి బస్ కార్గోలో పంపుతాం. పేర్లు, చిరునామాలు ఇంట్లోనే ప్రింట్ చేసి అతికిస్తాం.

మొదటి ఏడాది షాపతను చెప్పాడని సగం ధరకి దొరికే లోకల్ ఇంకు పోశాను. ప్రింటర్‌కి ఏమీ కాలేదు, రెండేళ్లు నడిచింది, అది నిజం. కానీ అకాల వాన పడిన రోజు పెట్టెలు తడిసి చిరునామాలన్నీ నీలం మరకలయ్యాయి. 11 పెట్టెలు ఎవరివో తెలియలేదు. పండు పాడయ్యే సరుకు, ఆగదు కదా. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత తెలుసుకున్నది ఏంటంటే, ఇంకు రెండు రకాలు. డై ఇంకు నీళ్లలో కరిగే రంగు, పిగ్మెంట్ ఇంకు సన్నని పొడి రేణువులు కలిపినది. పిగ్మెంట్ కాగితం మీద ఆరితే నీళ్లకి అంత తొందరగా చెదరదు. కొన్ని మోడళ్లలో నలుపు పిగ్మెంట్, రంగులు డై. కొన్నింటిలో అన్నీ డైనే. కొనేముందు అడగండి. ఇంట్లో ఉన్నదేదో తెలియకపోతే ఒక పేజీ తీసి పది నిమిషాలు ఆరనిచ్చి, తడి వేలితో రుద్దండి. మా ఇప్పటి ప్రింటర్‌లో నలుపు పిగ్మెంట్. అయినా లేబుల్ మీద వెడల్పాటి టేపు వేస్తాను. భూమి కాగితాలు, సర్టిఫికెట్ కాపీలు తీసేవాళ్లు కూడా ఈ సంగతి చూసుకోవాలి.

జడ్చర్ల కిరాయి ఇల్లు
10 సెప్టెంబర్ 2025, రాత్రి 7:30

ఇల్లు మారేవాళ్ల కోసం ఒక మాట. మేం జడ్చర్ల నుంచి షాద్‌నగర్ మారేటప్పుడు ప్రింటర్‌ని డీసీఎంలో పరుపుల మధ్య నిలువుగా పెట్టారు. దిగేసరికి ట్యాంకులో ఇంకు కారి మూడు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిశాయి. పరుపు కూడా పోయింది. ట్యాంక్ ప్రింటర్‌ని ఎప్పుడూ ఒరిగించకూడదు. మూతలు బిగించి, ట్రాన్స్‌పోర్ట్ లాక్ ఉంటే తిప్పి, ఒళ్లో పెట్టుకునైనా అడ్డంగా తీసుకెళ్లాలి. దిగాక వెంటనే ఆన్ చేయకుండా కొన్ని గంటలు కదలకుండా ఉంచాలి.

కొత్తింట్లో వైఫైకి తగలక రెండు రోజులు ఇబ్బంది పడ్డాం. చాలా చవక ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, కొత్త రౌటర్ 5 మీద ఉంది. రౌటర్‌లో 2.4 వైఫైకి ఉండే రెండో పేరు ఆన్ చేస్తే కలిసింది.

లెక్కల టీచర్, నల్లగొండ
21 సెప్టెంబర్ 2025, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, పరీక్షల పేపర్లు దిద్దే పనిలో పడ్డాను.

మెకానిక్ గారు చెప్పినట్టు వేరే షాపు వెతికాను. నకిరేకల్‌లో ఒక కుర్రాడు చేస్తాడని తోటి టీచర్ చెప్పారు. ఆదివారం కారు వెనక సీట్లో అడ్డంగా పెట్టి తీసుకెళ్లాను (జడ్చర్ల వారి పోస్టు అప్పటికి చదివాను, మేలైంది). నా ముందే విప్పాడు. మెత్త నల్లగా, బరువుగా, ఇంకు కారుతూ ఉంది. కొత్త మెత్త వేసి, కౌంటర్ సున్నా చేసి, మొత్తం 750 తీసుకున్నాడు. నలభై నిమిషాల పని. నాజిల్ చెక్ తీస్తే నాలుగు రంగులూ ఒక్క గీత కూడా తెగకుండా వచ్చాయి. పోయిందన్న హెడ్ అది.

కౌంటర్ ఇంట్లోనే సున్నా చేసుకుందామని ముందు నెట్‌లో వెతికాను. ఫలానా సాఫ్ట్‌వేర్ దించుకోండని ఎన్నో సైట్లు. ఒకటి దించగానే యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరించింది, తీసేశాను. మెత్త మార్చకుండా అంకె ఒక్కటే సున్నా చేస్తే ఇంకు పొంగడం ఖాయమని ఆ కుర్రాడు కూడా చెప్పాడు.

నోటు పుస్తకంలో కొత్త గడి ఒకటి గీశాను. ఇన్నేళ్లూ రూపాయి రూపాయి రాశాను కానీ క్లీనింగ్ ఎన్నిసార్లు చేశానో ఒక్కసారీ రాయలేదు. రాసి ఉంటే రంగు సీసాల లెక్క నాకే తెలిసేది. ఇప్పుడు సోమవారాలు క్లీనింగ్ లేదు, నాలుగు రంగుల చతురస్రాలున్న ఒక పావు పేజీ తీస్తున్నాం. వెనకవైపు మా అమ్మాయి లెక్కల రఫ్ వర్క్‌కి వాడుతోంది.

ఇవాళ్టికి 21,655 పేజీలు. రిపేరు కలిపినా పేజీకి దాదాపు 1 రూపాయి 20 పైసలే.

పాలమూరు మెకానిక్, మహబూబ్‌నగర్
21 సెప్టెంబర్ 2025, రాత్రి 9:52

సార్, కడుపు నిండినంత సంతోషం. 750 న్యాయమైన ధర. పాత మెత్త ఇంటికి తెచ్చి ఉంటే కవర్‌లో మూటకట్టి పడేయండి, ఆ మరక పోదు. ట్యాంకులో ఇంకు కింది గీత దాకా రానివ్వకండి, పైపులో గాలి పోతే మళ్లీ బోలెడు ఇంకు లాగాల్సి వస్తుంది.

చిట్టి అడుగులు, మిర్యాలగూడ
22 సెప్టెంబర్ 2025, ఉదయం 10:05

టీచర్ గారూ, ఆ నాలుగు రంగుల పావు పేజీ ఫైల్ ఇక్కడ పెట్టగలరా? బతుకమ్మ సెలవులకి మా సెంటర్ కొన్ని రోజులు మూసి ఉంటుంది, అప్పుడు ఇంట్లో తీసి పెట్టుకుంటాను.

లెక్కల టీచర్, నల్లగొండ
22 సెప్టెంబర్ 2025, సాయంత్రం 6:20

తప్పకుండా అమ్మా. చతురస్రాల బదులు బతుకమ్మ పూల బొమ్మతో చేయమని మా అమ్మాయి అంటోంది. తంగేడుకి పసుపు, గునుగుకి మెజెంటా, కట్లపూలకి నీలం, ఆకుల అంచుకి నలుపు. నాలుగూ వచ్చేస్తాయి. రేపు సాయంత్రానికి పెడతాం.